ఆవిరి సమ్మెటకు కంప్రెసర్ గాలి: వంద హెచ్‌పీ కావాలా, పదిహేను సరిపోతుందా?

ఐదు హండ్రెడ్‌వెయిట్ (పడే బరువు పావు టన్ను) స్టీమ్ హేమర్, అంటే ఆవిరి సమ్మెట, ఒకటి తుక్కు ధరకు దొరుకుతోంది, బాయిలర్ లేకుండా కంప్రెసర్ మీద నడుస్తుందా అని ఫోర్జింగ్ పని తెలిసినవాళ్లను అడిగి చూడండి. రెండు రకాల జవాబులు వస్తాయి. వంద హెచ్‌పీ కంప్రెసర్ పెట్టగలిగితేనే దాని జోలికి వెళ్లమని ఒకరంటారు. పది హెచ్‌పీతో హాయిగా ఆడుతుందని ఇంకొకరంటారు. లెక్క ఇద్దరిదీ సరైనదే. కాకపోతే హేమర్ ఆగకుండా కొడుతూ ఉంటే ఎంత గాలి కావాలో ఒకరు చెబుతున్నారు, కొలిమి దగ్గర మనిషి నిజంగా పనిచేసే తీరుకు ఎంత కావాలో రెండోవారు చెబుతున్నారు. ఈ తేడా తెలిస్తే మిగతా విషయమంతా దాని వెంటే తేలుతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా రావడానికి కారణం ఉంది. బాయిలర్లు ఆపేసిన పాత ఫోర్జ్ షాపుల నుంచి, వర్క్‌షాపుల నుంచి ఈ హేమర్లు తుక్కు కిందికి వస్తున్నాయి. ప్రభుత్వ సంస్థల తుక్కు ప్రభుత్వ కంపెనీ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలాల్లోనూ, రైల్వేది వాళ్ల ఐఆర్‌ఈపీఎస్ వెబ్‌సైటులోనూ అమ్ముడవుతుంది. వేలం జాబితాలో అది కిలోల లెక్కన పోత ఇనుము మాత్రమే. కొలిమి పని తెలిసినవాడికి అది యాభై ఏళ్లు పనిచేసి, ఇంకో యాభై ఏళ్లు చేయగల యంత్రం.

స్టీమ్ హేమర్ అంటే ఏమిటి, దాని సైజు ఎలా చెబుతారు

స్కాట్లాండుకు చెందిన ఇంజనీరు జేమ్స్ నాస్మిత్ 1839 నవంబరు 24న దీని బొమ్మ గీశాడు. గ్రేట్ బ్రిటన్ అనే ఓడకు తెడ్డుచక్రాల ఇరుసు కావాల్సి వచ్చింది. అంత లావు ఇరుసును సాగగొట్టే సమ్మెట అప్పటికి ఎక్కడా లేదు. ఓడకు చివరికి తెడ్డుచక్రాలకు బదులు ప్రొపెల్లర్ పెట్టడంతో ఆ ఇరుసు అవసరమే పడలేదు. నాస్మిత్ ఆలోచనకు మొదట రూపమిచ్చింది ఫ్రాన్సులోని ల క్రోజో కర్మాగారంలో ఫ్రాన్స్వా బూర్దాఁ, 1840లో. నాస్మిత్ పేటెంటు 1842 నాటిది.

తొలి హేమర్లలో ఆవిరి పని పైకెత్తడం మాత్రమే, దిగడం బరువు మీదే. తర్వాత వచ్చినవి డబుల్ యాక్టింగ్: పిస్టన్ కింద ఆవిరి చేరి ర్యామ్‌ను, అంటే కొట్టే బరువును, లేపుతుంది, పిస్టన్ మీద చేరి కిందికి తోస్తుంది. నేడు దొరికేవన్నీ దాదాపు ఇవే. పైన సిలిండర్, అందులో పిస్టన్, దానికి రాడ్, రాడ్ చివర ర్యామ్, ర్యామ్ అడుగున పై డై, అంటే ఇనుముకు తగిలే ఉక్కు ముఖం. కింద డై ఎన్విల్ దిమ్మ మీద, అంటే దాగలి మీద ఉంటుంది. సిలిండర్ పక్కనున్న వాల్వ్‌ను చేతి లీవరు గానీ కాలి పెడలు గానీ నడుపుతుంది. కొన్ని హేమర్లలో ర్యామ్ తానే ఒక ఒంపు కడ్డీని నెట్టి వాల్వ్‌ను తిప్పుకుంటుంది. అప్పుడు పెడలు తొక్కి ఉంచినంతసేపూ దెబ్బలు వాటంతటవే పడతాయి.

సైజు అంటే కింద పడే బరువు: ర్యామ్, రాడ్, పిస్టన్, పై డై కలిపి. బ్రిటన్ హేమర్ల మీద హండ్రెడ్‌వెయిట్లలో, అమెరికా వాటి మీద పౌండ్లలో రాస్తారు. ఒక హండ్రెడ్‌వెయిట్ 50.8 కిలోలు కాబట్టి ఐదు హండ్రెడ్‌వెయిట్లంటే 254 కిలోలు. మొత్తం యంత్రం బరువు దీనికి ఎన్నో రెట్లుంటుంది. ఈ రెండింటినీ కలగలిపేసి లారీ మాట్లాడుకుని ఇబ్బంది పడేవాళ్లున్నారు.

ఒక దెబ్బలో ఎంత బలం

వ్యాసమంతటికీ ఒకే ఉదాహరణ పెట్టుకుందాం. పడే బరువు 250 కిలోలు, సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 200 మి.మీ., రాడ్ 75 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ ఒకసారి కదిలే దూరం) 500 మి.మీ., పీడనం 5.5 బార్ (ఒక బార్ దాదాపు బయటి గాలి ఒత్తిడంత).

ర్యామ్‌ను అర మీటరు ఎత్తు నుంచి ఊరికే వదిలేస్తే సెకనుకు 3.1 మీటర్ల వేగంతో తగులుతుంది. శక్తి సుమారు 1.2 కిలోజౌళ్లు. ఇప్పుడు పిస్టన్ మీదికి గాలి వదలండి. పోర్టుల్లో, అంటే గాలి దారుల్లో, పోయేది పోగా, దిగేటప్పుడు సగటున 3.5 బార్ నిలిచిందనుకుంటే, పిస్టన్ మీద తోపు 11 కిలోన్యూటన్లు. ర్యామ్ సొంత బరువు ఇచ్చేది 2.5 కిలోన్యూటన్లే. రెండూ కలిపి అర మీటరు తోస్తే 6.7 కిలోజౌళ్లు, వేగం సెకనుకు 7.3 మీటర్లు. అంటే దెబ్బలో ఐదింట నాలుగు వంతులు పీడనం నుంచే వస్తోంది. కంప్రెసర్ సరిపోక పీడనం పడిపోతే హేమర్ ఆగిపోదు, మెత్తబడుతుంది. ఆ మెత్తదనాన్ని చాలామంది హేమర్ పాతబడిపోవడం అనుకుంటారు.

ఆవిరికీ గాలికీ ఒకటిగా ఉండేవి, మారేవి

పాత హేమర్లు సాధారణంగా 6 నుంచి 8 బార్ ఆవిరి మీద నడిచేవి. మామూలు షాపు కంప్రెసర్ ఇచ్చేదీ అంతే. అందుకే సిలిండర్, వాల్వ్, లీవర్లు ఏవీ మార్చకుండానే గొట్టం కలిపితే హేమర్ కదులుతుంది. ఇది చూసే మార్పిడి చాలా తేలిక అనే పేరు వచ్చింది. తేడాలు రెండో రోజు నుంచి బయటపడతాయి.

మొదటి తేడా సాంద్రతది. 5.5 బార్ దగ్గర ఘనపు మీటరు ఆవిరి 3.4 కిలోలు తూగుతుంది. అదే పీడనంలో, 30 డిగ్రీల దగ్గర గాలి 7.5 కిలోలు. రెట్టింపు పైన బరువున్నదాన్ని అదే రంధ్రం గుండా అదే వేగంతో పంపాలంటే పీడన నష్టమూ రెట్టింపు దాటుతుంది. ఆవిరికి సరిపోయిన గొట్టం గాలికి ఇరుకవుతుంది. అన్నీ బాగున్నా కూడా గాలి మీద హేమర్ ఓ మోస్తరు నిదానంగా అనిపిస్తే కారణం ఇదే, లోపం కాదు.

రెండోది వేడి. 7 బార్ ఆవిరి 170 డిగ్రీల దగ్గర ఉంటుంది. సిలిండర్ గోడ కంటే లోపలి పిస్టన్, వాల్వ్ ఎక్కువ వేడెక్కి ఉబ్బుతాయని ఎడం వదిలి తయారుచేశారు. గాలికి ఆ ఉబ్బు రాదు, ఎడం ఎడంగానే మిగులుతుంది. పైగా ఆవిరి చల్లబడి ఏర్పడే నీటి పొర రింగుల దగ్గర సందులను మూసేది. గాలిలో అదీ లేదు. అందువల్ల ఆవిరి మీద బాగా బిగువుగా ఉన్న హేమర్ కూడా గాలి మీద కాస్త కారుతుంది.

లాభమూ ఉంది. ఆవిరి హేమర్‌ను పొద్దున్నే నెమ్మదిగా వేడెక్కించి, సిలిండర్‌లో చేరిన నీళ్లు వదిలేసి గానీ పనికి పెట్టలేరు. గాలి హేమర్ వాల్వ్ తిప్పగానే సిద్ధం. అయితే ఆవిరి వల్ల రాడ్ కూడా వెచ్చగా ఉండేది. చల్లటి ఉక్కు దెబ్బకు పెళుసుగా ఉంటుంది కాబట్టి చలికాలం ఉదయాల్లో డైలనూ ర్యామ్‌నూ కాల్చిన ఇనప దిమ్మలతో వెచ్చబెట్టడం గాలి హేమర్‌కు మరింత అవసరం.

గాలి ఎంత కావాలి: వంద హెచ్‌పీ, పది హెచ్‌పీ లెక్కలు

పిస్టన్ పైన ఒక స్ట్రోకుకు 15.7 లీటర్ల జాగా. కింద రాడ్ ఆక్రమించింది తీసేస్తే 13.5 లీటర్లు. ఒకసారి లేచి, ఒకసారి కొట్టడానికి 29.2 లీటర్ల నొక్కిన గాలి. 5.5 బార్‌కు బయటి గాలి ఒత్తిడి కూడా కలిపితే అది బయటి గాలిగా 6.4 రెట్లు, అంటే దెబ్బకు 187 లీటర్లు. కంప్రెసర్ లెక్కల్లో ఫ్రీ ఎయిర్ అనేది ఈ బయటి గాలినే.

నిమిషానికి 60 పూర్తి దెబ్బలు, ఆగకుండా: 11.2 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 395 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). 7 బార్ ప్రాంతంలో నిమిషానికి ఘనపు మీటరు గాలికి సుమారు ఆరున్నర కిలోవాట్లు పడుతుంది. మొత్తం 73 కిలోవాట్లు. వంద హెచ్‌పీ మాట ఇక్కడి నుంచి వచ్చింది.

కానీ పని అలా సాగదు. కొట్టాల్సిన ఇనుము డై మీద ఉన్నప్పుడు ర్యామ్ అర మీటరు తిరగదు. సగటున 60 శాతం స్ట్రోకు అనుకుందాం, దెబ్బకు 112 లీటర్లు. కొలిమిలోంచి తీసిన ఇనుము అర నిమిషంలో రంగు తగ్గిపోతుంది, ఈలోగా 30 దెబ్బలు పడతాయి. ఒకసారి కాల్చిన ఇనుముకు 3.4 ఘనపు మీటర్లన్నమాట. మళ్లీ కాలి ఎర్రబడేసరికి, మొదటి నుంచి లెక్కేస్తే మూడు నిమిషాలు. సగటు వాడకం నిమిషానికి 1.1 ఘనపు మీటర్లు, అంటే 40 సీఎఫ్‌ఎం. దానికి 7.3 కిలోవాట్లు, పది హెచ్‌పీ.

పది హెచ్‌పీ లెక్క సరైనదే గానీ మరీ అంచున ఉంది. కంప్రెసర్ ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండే సీఎఫ్‌ఎం తరచుగా పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే పిస్టన్ కదిలే జాగా లెక్క. చేతికొచ్చే ఫ్రీ ఎయిర్ డెలివరీ అందులో నాలుగింట మూడు వంతులుంటే గొప్ప. గాలితో చల్లబడే పిస్టన్ కంప్రెసర్‌ను రోజంతా విరామం లేకుండా నడిపితే వాల్వ్ ప్లేట్లు మాడతాయి. కారే గాలి వేరే. ఈ హేమర్‌కు, ఒక కొలిమి పనికి, 15 హెచ్‌పీ సబబు. రెండు కొలుములు పెట్టి మనుషులు వంతులవారీగా కాల్చిన ఇనుము అందిస్తే విరామం సగమైపోతుంది, కంప్రెసర్ రెట్టింపు కావాలి. గ్యాస్ ఫర్నేసు పక్కన వరసగా సరుకు కొట్టే షాపైతే వంద హెచ్‌పీ చెప్పినవారే సరి.

ట్యాంకు, గొట్టం: దెబ్బకు గాలి అందించేవి

కంప్రెసర్ మూడు నిమిషాలు కూడబెట్టినదాన్ని హేమర్ అర నిమిషంలో ఖర్చు చేస్తుంది. ఆ కూడబెట్టే చోటు రిసీవర్ ట్యాంకు. 8 బార్ నుంచి 5.5 బార్‌కు పడేలోపు ఘనపు మీటరు ట్యాంకు సుమారు 2.5 ఘనపు మీటర్ల ఫ్రీ ఎయిర్ ఇస్తుంది. ఒకసారి కాల్చిన ఇనుముకు కావాల్సిన 3.4లో కంప్రెసర్ ఆ అర నిమిషంలో 0.55 అందిస్తుంది. మిగిలిన 2.85కు 1.15 ఘనపు మీటర్ల ట్యాంకు చాలాలి. కాస్త వెసులుబాటుతో 1.5 ఘనపు మీటర్లు, అంటే 1500 లీటర్లు. ట్యాంకు 10 బార్‌దైతే ఇంకా చిన్నది సరిపోతుంది, కానీ అప్పుడు హేమర్‌కు ముందు పీడనం తగ్గించే పెద్ద రెగ్యులేటర్ తప్పదు. సిలిండర్ పోత ఇనుముది. నేమ్‌ప్లేటు మీద రాసిన పీడనం దాటించకూడదు.

గొట్టం దగ్గర చాలా మార్పిడులు దెబ్బతింటాయి. సగటు వాడకం చూసి ఒక అంగుళం గొట్టం వేస్తారు. హేమర్ సగటున తాగదు, గుక్కల్లో తాగుతుంది. ర్యామ్ అర మీటరు దిగడానికి పట్టేది 0.14 సెకను. ఆ కాసేపట్లో 15.7 లీటర్లు రావాలంటే 50 మి.మీ. గొట్టంలో గాలి వేగం సెకనుకు 57 మీటర్లు అవుతుంది. 80 మి.మీ. గొట్టంలో 22. కాబట్టి ట్యాంకు నుంచి హేమర్‌కు 80 మి.మీ. గొట్టం, దూరం మూడు నాలుగు మీటర్లు మించకుండా. కంప్రెసర్ ఎంత దూరాన, ఏ మూలన ఉన్నా ఫరవాలేదు, దాన్నుంచి ట్యాంకుకు ఒకటిన్నర అంగుళం చాలు. పాత ఆవిరి గొట్టాన్నే వాడితే లోపలి తుప్పు పెచ్చులు ఊడి వాల్వ్‌లోకి పోతాయి. ఆవిరి తడి ఉన్నన్నాళ్లూ అంటుకుని ఉన్న తుప్పు, పొడి గాలికి రాలుతుంది. కొత్త గొట్టం వేసినా, హేమర్ ముందు జాలీ స్ట్రెయినర్ ఉండాల్సిందే.

కారే గాలిని ట్యాంకుతోనే కొలవవచ్చు

ట్యాంకును 8 బార్‌కు నింపి, కంప్రెసర్ ఆపి, హేమర్ స్టాప్ వాల్వ్ తెరిచి, ర్యామ్‌ను కదపకుండా గడియారం చూస్తే చాలు. 1.5 ఘనపు మీటర్ల ట్యాంకులో మూడు నిమిషాల్లో ఒక బార్ పడిందనుకోండి: 1.5 ఘనపు మీటర్ల గాలి మూడు నిమిషాల్లో, నిమిషానికి అర ఘనపు మీటరు. పది హెచ్‌పీ కంప్రెసర్ పెట్టినవారికి అందులో సగం దాకా ఇలా ఊరికే పోతున్నట్టే. ఈల ఎక్కడి నుంచి వస్తోందో వింటే కారణం దొరుకుతుంది. ఎగ్జాస్టు నుంచైతే వాల్వ్ లేదా పిస్టన్ రింగులు, రాడ్ చుట్టూ అయితే గ్లాండ్ ప్యాకింగ్, అంటే రాడ్ సిలిండర్‌లోంచి బయటికొచ్చే చోట బిగించిన సీలు.

ప్యాకింగ్ విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఇప్పుడు 170 డిగ్రీల వేడి లేదు కాబట్టి పాలీయురేథేన్ లిప్ సీళ్లు వేసి కారుడు పూర్తిగా ఆపేయవచ్చని కొందరంటారు. అది నిజమే, రాడ్ నున్నగా ఉంటే. పాత రాడ్ మీద తుప్పు గుంటలుంటే లిప్ సీలు పెదవి వారాల్లో చిరిగిపోతుంది. దాన్ని మార్చాలంటే రాడ్ ఊడదీయాలి. అల్లిన పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్)-గ్రాఫైట్ ప్యాకింగ్ కొద్దిగా కారుతుంది, కానీ గ్లాండ్ నట్లు పావు చుట్టు బిగిస్తే మళ్లీ దారికొస్తుంది, మార్చడానికి రాడ్ తీయక్కర్లేదు. రాడ్‌ను గ్రైండింగ్ చేయించి హార్డ్ క్రోమ్ వేయించే ఖర్చు పెట్టనివారికి అల్లిన ప్యాకింగే మేలు.

రింగులకు పోత ఇనుమే వాడతారు. 200 మి.మీ. బోరులో రింగు మూతి ఎడం 0.6 నుంచి 0.8 మి.మీ. ఉంటే బాగు. బోరు అరుగుదల పైన, మధ్యన, అడుగున, రెండు దిశల్లో కొలిస్తే తెలుస్తుంది. తేడా మిల్లీమీటరు దాటితే కొత్త రింగులు కూడా ఆ గుంటలను అనుసరించలేవు, బోరును మళ్లీ కోయించడమో (రీబోరు), లోపల కొత్త తొడుగు (లైనర్) వేయించడమో తప్పదు.

నీళ్లు, నూనె, మంచు

వానాకాలం విశాఖలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీళ్లుంటాయి. 8 బార్ ట్యాంకులో 35 డిగ్రీలకు చల్లారాక అందులో నిలిచేవి ఐదు గ్రాములే. మిగతా 19 గ్రాములు నీరుగా దిగుతాయి. నిమిషానికి 1.1 ఘనపు మీటర్ల చొప్పున గంటకు లీటరుంబావు, ఎనిమిది గంటల పనికి పది లీటర్లు. ట్యాంకు అడుగు డ్రెయిన్ రోజూ తెరవకపోతే ఆ నీళ్లు హేమర్‌లో నూనెను కడిగేస్తాయి. మిగిలిన ఆవిరి ఎగ్జాస్టు దగ్గర గాలి ఒక్కసారిగా విప్పారి చల్లబడేటప్పుడు మంచుగా కడుతుంది. జోరుగా కొడుతుంటే ఎగ్జాస్టు గొట్టం మూతి తెల్లబడటం మన ఎండల్లో కూడా చూడవచ్చు. కంప్రెసర్‌కూ ట్యాంకుకూ మధ్య గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్, ట్యాంకు తర్వాత వాటర్ సెపరేటర్ ఉంటే ఈ సమస్య చాలామటుకు తీరుతుంది.

ఆవిరి సిలిండర్లకు వాడే చిక్కటి నూనె ఇక్కడ పనికిరాదు. వేడికి పలుచబడేలా చేసిన నూనె అది. చల్లటి గాలిలో జిగురై వాల్వ్‌ను పట్టేస్తుంది. రాక్ డ్రిల్ ఆయిల్, లేదా చిక్కదనంలో వీజీ 100 తరగతి నూనె లైన్ ల్యూబ్రికేటర్ ద్వారా చుక్కలుగా ఇస్తారు. ఎక్కువైతే ఎగ్జాస్టులో పొగమంచులా లేచి, ఎర్రటి ఇనుము మీద పడి మండుతుంది. ఎగ్జాస్టును షాపు బయటికి మళ్లించి సైలెన్సర్ పెట్టడానికి చప్పుడుతో పాటు ఇదీ కారణం.

గాలిని హేమర్‌కు ముందు వేడి చేస్తే లాభం ఉంటుందనే వాదం పాతది, లెక్క ప్రకారం సరైనది కూడా. 30 డిగ్రీల గాలిని 150కి తీసుకెళితే అదే పీడనంలో పరిమాణం 40 శాతం పెరుగుతుంది. వందేళ్ల కిందటి గనుల్లో ఇది తెలిసిన పద్ధతే. కొలిమి పొగ వేడి ఎలాగూ వృథాగా పోతోందని ఆశ పుడుతుంది. ఇబ్బందల్లా కంప్రెసర్ నుంచి వచ్చే నూనె ఆవిరి. అది వేడి గొట్టం లోపల మసిగా పేరుకుని, పీడనం కింద నిప్పంటుకోగలదు. గంటల తరబడి ఆగకుండా నడిచే పెద్ద షాపుకు, నూనె వడకట్టే ఏర్పాటుతో, ఇది గిట్టుబాటు కావచ్చు. మూడు నిమిషాలకోసారి కొట్టే హేమర్‌కు ఆ గాలి గొట్టంలోనే చల్లారిపోతుంది.

వేలంలో కనిపించేది, నేల కింద మిగిలిపోయేది

స్టీమ్ హేమర్ ఫ్రేము ఒకటి, ఎన్విల్ దిమ్మ వేరొకటి. దిమ్మ నేలలోకి దిగి, సొంత పునాది మీద కూర్చుంటుంది. ఫ్రేము విప్పడం తేలిక, దిమ్మను గుంతలోంచి లాగడం కష్టం. అందుకే దిమ్మ లేని హేమర్లు చాలా అమ్మకానికి వస్తాయి, అది లేదని కొన్నాక తెలిసినవారూ ఉన్నారు.

దిమ్మ బరువు పడే బరువుకు సాధారణంగా 10 నుంచి 20 రెట్లుంటుంది. కారణం లెక్కలో ఉంది. దెబ్బలో ఇనుమును నలిపే వాటా సుమారుగా, దిమ్మ బరువును దిమ్మ, ర్యామ్ బరువుల మొత్తంతో భాగిస్తే వచ్చేది. మూడు టన్నుల దిమ్మకు, 250 కిలోల ర్యామ్‌కు 92 శాతం. దిమ్మ దొరక్క 750 కిలోల ఉక్కు ముక్క పెడితే 75 శాతం. పోయిన పావు వంతు నేలలోకి దిగి, పునాదినీ పక్కింటి గోడనూ కుదుపుతుంది.

తర్వాత చూడాల్సింది రాడ్. ఈ యంత్రాల్లో ఎక్కువగా విరిగేది అదే, ర్యామ్‌లోకి టేపరుగా దిగే చోట. డై మధ్యలో కాక పక్కన కొట్టిన ప్రతి దెబ్బా రాడ్‌ను వంచుతుంది, అలసిన ఉక్కులో అక్కడే చీలిక పుడుతుంది. చీలికల్లోకి ఇంకే పెనెట్రాంట్ రంగు పూసి చూస్తే సన్నటి చీలిక కూడా ఎర్రటి గీతగా కనిపిస్తుంది. ఫ్రేము మెడ దగ్గరి పగుళ్లు అంతకన్నా పెద్ద సమస్య. పోత ఇనుమును మామూలు వెల్డింగ్‌తో అతికితే దెబ్బలకు పక్కనే మళ్లీ పగులుతుంది. చల్లగానే లోహపు బద్దలు దిగ్గొట్టి కుట్టే పద్ధతి నిలుస్తుంది, కానీ ఖరీదు.

పాత సిలిండర్ చుట్టూ కట్టిన తెల్లటి పీచు, గ్లాండ్‌లోని తాడు ఆస్‌బెస్టాస్ అయ్యుండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా గీకడం, ఎయిర్ గన్‌తో ఊదడం ఊపిరితిత్తులకు శాశ్వత హాని. తడిపి, సంచుల్లో మూసి, సరైన మాస్కుతో తీయించాలి.

పునాదికి మన దగ్గర ఐఎస్ 2974 రెండో భాగం ఉంది, హేమర్ల లాంటి దెబ్బ యంత్రాల కోసమే రాసిన ప్రమాణం అది. దిమ్మకూ కాంక్రీటుకూ మధ్య గట్టి కలప పరుపు వేయడం ఆవిరి కాలం నుంచీ ఉన్న పద్ధతి. కలప లేకుండా దిమ్మను నేరుగా కాంక్రీటు మీద పెడితే కాంక్రీటు పిండవుతుంది.

బాయిలర్, కొత్త హేమర్, హైడ్రాలిక్: ఎవరికి ఏది

బాయిలర్ పక్షాన ఉన్నవారి మాటలో బలం ఉంది: ఆవిరి మీద హేమర్ చురుగ్గా ఉంటుంది, సీళ్ల బాధ తక్కువ. కానీ కొట్టినా కొట్టకపోయినా బాయిలర్ మండుతూ ఉండాలి. రిజిస్ట్రేషను, ఏటేటా తనిఖీ, అర్హత ఉన్న అటెండెంటు తప్పవు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా ఈ బాధ్యతలు పోలేదు. గాలి ట్యాంకుకు కూడా కాలానుగుణంగా పీడన పరీక్ష ఉంటుంది, కానీ అది వేరే స్థాయి.

సొంత మోటారు, సొంత గాలి సిలిండర్ ఉన్న న్యుమాటిక్ హేమర్లు కొత్తవి దొరుకుతాయి. వాటికి ట్యాంకు, పెద్ద గొట్టం అక్కర్లేదు. నొక్కిన గాలినే మళ్లీ మళ్లీ వాడుకుంటాయి కాబట్టి కరెంటు కూడా బాగా తక్కువ. మరి పాతదెందుకు? ఒకే దెబ్బను కావాల్సినంత మెల్లగా, కావాల్సినంత గట్టిగా, పైన పట్టి నిలిపి మరీ వేయగల అదుపు స్టీమ్ హేమర్ వాల్వ్‌కు ఉంది. డై మధ్య జాగా కూడా ఎక్కువ. పెద్ద డ్రాప్ ఫోర్జ్ షాపులు సిలిండర్‌నే తీసేసి నూనె పీడనంతో నడిచే హైడ్రాలిక్ హెడ్ బిగించుకుంటాయి. టన్నుల ర్యాములకు, రోజంతా నడిచే పనికి అది గిట్టుతుంది. పావు టన్ను హేమర్‌కు ఆ హెడ్ ధరలో కొత్త హేమరే వస్తుంది.

కంప్రెసర్ ఆగినా కొట్టగలిగే యంత్రం

మోటారు యంత్రాలకు అలవాటుపడ్డవారు స్విచ్ ఆపితే యంత్రం చచ్చిందనుకుంటారు. ఈ హేమర్‌కు అది వర్తించదు. మన లెక్కలోని ట్యాంకు నిండుగా ఉంటే, కరెంటు పోయాక కూడా ముప్ఫై దాకా దెబ్బలు వేయగలదు. డైని పట్టి ఉంచే కీ బిగించడానికి చెయ్యి పెట్టినప్పుడు ఎవరి కాలో పెడలుకు తగిలితే చాలు. అందుకే హేమర్ పక్కనే స్టాప్ వాల్వ్, దానికి తాళం వేసే వీలు, దాని తర్వాత గొట్టంలో మిగిలిన గాలిని వదిలే చిన్న వాల్వ్ ఉంటాయి. గాలి వదిలేస్తే ర్యామ్ తన బరువుతో తానే దిగుతుంది. కాబట్టి ముందుగా రెండు డైల మధ్య గట్టి కలప దుంగ నిలబెట్టి, ర్యామ్‌ను మెల్లగా దాని మీద కూర్చోబెట్టి, ఆ తర్వాతే గాలి వదులుతారు.